ఇరవై ఒకటో పేరు

శుక్రవారం పొద్దున మద్రాసు విమానం దిగినప్పుడు ఉత్తరాల సంచితో పాటు పేర్ల పట్టీ కూడా దిగింది. కోయంబత్తూరు పీళమేడు విమానాశ్రయంలో పైలట్లు కూర్చునే రేకుల గది ఉంది. స్టేషను గుమాస్తా ఆ గది గోడకు పట్టీని నాలుగు గుండుసూదులతో గుచ్చి వెళ్లిపోయాడు. మొత్తం ఇరవై ఆరు పేర్లు. ఇరవయ్యో పేరు కింద ఎర్ర సిరాతో ఒక గీత.

గీతకు పైన ఉన్నవాళ్లకు కొత్త కంపెనీలో ఉద్యోగం. కింద ఉన్నవాళ్లకు మూడు నెలల జీతమూ, ఒక మంచి మాటల కాగితమూ.

నేను ఇరవై ఒకటి.

మళ్లీ చదివాను. ఇంగ్లీషులో టైపు చేసిన నా పేరు, యేసుదాస్, బి.ఏ., గీతకు సరిగ్గా కింద ఉంది. సరిగ్గా పైన షణ్ముగం పేరు. వాడికి నాలుగు వేల ఆరువందల పన్నెండు గంటలు. నాకు నాలుగు వేల ఐదువందల నలభై.

నా వెనక నిలబడి చదువుతున్న రాధాకృష్ణన్ నా భుజం మీద చెయ్యి వేశాడు. అతను పట్టీలో మూడోవాడు. "ఏమి ఏసూ, నీ చేత్తో రాసిన షరత్తుకి నీ మెడే దొరికెనా?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆపేశాడు.

అతను అన్నది నిజమే. ఆ షరతు రాసింది నేనే.

అది 1952. కోయంబత్తూరులో మా కొంగునాడు ఎయిర్‌వేస్‌కు ఐదు డకోటాలు ఉండేవి. మదురైలో పాండ్యన్ ఎయిర్ సర్వీసుకు మూడు డకోటాలు, వాటి కన్నా పెద్దవైన వైకింగులు మూడు. రెండు కంపెనీల యజమానులూ మిల్లులవాళ్లే. దారం ధర పడిపోయాక వాళ్లకు విమానాలు బరువయ్యాయి. రెంటినీ కలిపి మద్రాసు ఆఫీసుగా ఒకే కంపెనీ చేస్తామని, పాత డకోటాలు కొన్ని అమ్మేస్తామని, ఇరవై ఆరుగురు పైలట్లలో ఇరవై మందే చాలునని చెప్పారు. ఏ ఇరవై మంది అన్నది మీ సంఘమే తేల్చుకుని ఒప్పందం మీద సంతకం పెట్టండి అన్నారు.

రెండు కంపెనీల పైలట్లకూ కలిపి ఉన్న మా సంఘానికి అధ్యక్షుడు కెప్టెన్ తిరువేంగడం. కార్యదర్శిని నేను. నేను కార్యదర్శినైంది ఇంగ్లీషు తప్పులు లేకుండా రాస్తానని. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. మిషను బడి, తరువాత బి.ఏ. యుద్ధం రోజుల్లో కాలేజీల్లోంచి మనుషులను తీసుకుంటున్నప్పుడు వైమానిక దళంలో చేరి విమానం నడపడం నేర్చుకున్నాను. యుద్ధం అయిపోయాక ఈ కంపెనీకి వచ్చాను.

మదురైవాళ్లు చేరిన తేదీని బట్టి పట్టీ వేయమన్నారు. వాళ్ల కంపెనీ మాకన్నా ముందు పుట్టింది. ఆ లెక్కన పోయే ఆరుగురూ మావాళ్లే. అందుకని ఎగిరిన గంటలను బట్టి వేద్దామని నేను రాశాను. వైకింగు నడిపేవాళ్లు నెలకు మూడు వందలు ఎక్కువ తీసుకోండి, మేము అడ్డం రాము, పట్టీ మాత్రం గంటల మీద ఉండాలి అని బేరం పెట్టాము. మదురై పెద్దవాళ్లు ఒప్పుకున్నారు. ఈ లెక్కన మావాళ్లు ఇద్దరే పోతారు. ఆ ఇద్దరిలో నేను ఉంటానని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఒప్పందం రాయడానికి ఏడాదిగా నెలకు వారం రోజులు ఎగరకుండా నేల మీద కూర్చున్నాను, నా గంటలు తగ్గాయి. ఆ సంగతి కూడా పట్టీ చూశాకే గుర్తుకొచ్చింది.

అసలు సంగతి వేరే ఉంది. షణ్ముగం గంటల్లో మూడువందల పది గంటలు నావి.

మా నాయన ఇరుళప్పన్ పీళమేడు దగ్గర ఒక మిల్లులో పత్తి విప్పే గదిలో ఇరవై ఎనిమిదేళ్లు పని చేశాడు. ఆ గదిలో మనుషులకు దగ్గు పట్టుకోవడం మామూలు. ఎవరైనా మంచాన పడితే అతని తమ్ముడో పక్కింటివాడో అతని ఇత్తడి బిళ్ల పట్టుకుని గేటు దాటేవాడు. బిళ్ల మీద నంబరే గానీ ముఖం ఉండదు. పని ఒకరిది, హాజరు ఇంకొకరిది. పడినవాడి చోటు పోకూడదు, అంతే. అతను లేచి వచ్చాక ఎవరూ ఆ మాట ఎత్తరు. ఎత్తితే మేస్త్రీకి తెలుస్తుంది, ఇద్దరి పనీ పోతుంది. నేను ఈ పద్ధతిలో పెరిగాను. కాలేజీలో కూడా ఇది తప్పని నాకెవరూ చెప్పలేదు.

1949లో షణ్ముగం రక్తం కక్కాడు. అప్పటికి మేమిద్దరమూ కుడి సీటులో కూర్చునే కో-పైలట్లమే. ఊపిరితిత్తిలో మచ్చ ఉందని కంపెనీకి తెలిస్తే లైసెన్సు ఆ రోజే పోతుంది. వాడు పెరుందురై క్షయ ఆసుపత్రిలో వేరే పేరుతో చేరాడు. వాడికి వేసిన డ్యూటీ సరుకు విమానం. తెల్లవారి బయలుదేరి కొచ్చి, బెంగుళూరు, మద్రాసు తిరిగి వచ్చేది. దారం మూటలూ యంత్రాల భాగాలూ ఎక్కేవి. ఆ విమానానికి కెప్టెన్ తిరువేంగడం అణ్ణ. ఐదు నెలలు నా సెలవు రోజులన్నీ వాడి బదులు నేను ఆ విమానం ఎక్కాను. షణ్ముగం లాగ్‌బుక్కులో వాడి రాతలాగే రాశాను. అణ్ణ కింద సంతకం పెట్టాడు. వాడు లేచి వచ్చి వైద్య పరీక్ష నెగ్గాడు. ఆ తరువాత మేము ముగ్గురమూ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఎత్తాలి. ఎత్తితే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక పైలట్ నెలకు ఇన్ని గంటలే ఎగరాలని సర్కారు హద్దు పెట్టింది. నా గంటలూ వాడి గంటలూ కలిపితే ఆ ఐదు నెలలూ నేను హద్దు దాటాను. మూడు లైసెన్సులూ పోతాయి.

అభ్యంతరాలు సోమవారం వింటామని పట్టీ కింద రాసి ఉంది.

*

తిరువేంగడం అణ్ణ డకోటా రెక్క నీడలో స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. నేను వస్తుంటే చూసి, దగ్గరున్న మెకానిక్కును టీకి పంపేశాడు.

"చూసినావా?" అన్నాడు.

"చూసినాను అణ్ణా."

"నేను నిన్ననే చూసినాను. మద్రాసునుంచి ఫోను చేసి చదివినారు. రాత్రంతా కన్ను మూతపడలేదురా."

"నేనేం చెయ్యాల అణ్ణా? ఆ గంటలు నావి అని మీకు తెలుసు."

అణ్ణ చుట్టూ చూశాడు. "మెల్లగా మాట్లాడు. నాకి నలభై ఎనిమిది. నా లైసెన్సు పోతే నేను ఏం చేసేది? బస్సు తోలాల్నా? నువ్వు నోరు తెరిస్తే నీకు వచ్చేది ఏమీ లేదు. నీదీ పోతుంది."

"తెరవకపోయినా నాది పోతుంది గదా."

"పోతుంది" అన్నాడు అణ్ణ. "వేరే కంపెనీల్లో అడిగి చూడు. నేను కాగితం రాసిస్తా" అన్నాడు.

ఆ వారంలోనే బెంగుళూరులో ఒక కంపెనీ తొమ్మిది మందిని తీసేసింది. ఆ సంగతి పేపర్లో చదివి మాకు వినిపించింది అణ్ణే. అది గుర్తొచ్చిందేమో, తల దించుకుని బూటు తాడు విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

*

శనివారం నాకు మదురై విమానం ఉంది. తిరుగు ప్రయాణానికి రెండున్నర గంటల టైము. షణ్ముగం సెలవులో మదురైలోని ఇంట్లోనే ఉన్నాడు. వాళ్ల అన్నకు తెప్పకుళం దారిలో ఇత్తడి పాత్రల అంగడి ఉంది. ఇల్లు అంగడి వెనకే. ఇన్నేళ్ల స్నేహంలో నేను ఆ ఇంటికి వెళ్లడం అది రెండోసారి. వాకిలి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాడు.

వాళ్ల వదిన వళ్లియమ్మ కాఫీ తెచ్చింది. నాకు గాజు గ్లాసు. ఆ ఇంట్లో నాలాంటి వాళ్లకు గాజు గ్లాసేనని నాకు ముందే తెలుసు. షణ్ముగానికి పిడి విరిగిన ఎనామిల్ కప్పు. అంగడి నిండా ఇత్తడి లోటాలు మెరుస్తున్నాయి. నేను కప్పు వైపు చూడడం వాడు చూశాడు.

"మూడేళ్లుగా నాకి ఇదే కప్పు" అన్నాడు నవ్వుతూ. "నీకి పుట్టుకతో వచ్చింది, నాకి రోగంతో వచ్చింది. వదిన మనిద్దరిదీ వేరే నీళ్లతో కడుగుతుంది."

"ఇంట్లో తెలుసా?"

"అన్నకి, వదినకి తెలుసు. అంగట్లో కూర్చుంటానంటే అన్న ఒప్పుకోలేదురా. గిరాకీలు పారిపోతారంట. ఎగిరేది పోతే ఈ వరండానే నాకు." వాడు కప్పు కింద పెట్టాడు. "పట్టీ గురించి వచ్చినావు గదా. చెప్పేసెయ్ ఏసూ. నేను అడ్డం రాను."

"చెప్తే నాదీ పోతుంది. అణ్ణదీ పోతుంది."

"తెలుసు. అందుకే అంత ధైర్యంగా చెప్పమంటా ఉండాను" అన్నాడు వాడు. అంటూనే ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. "నేను రాజీనామా రాసినాను. మూడు తడవలు రాసి మూడు తడవలు చింపినాను. నా చేత కాలేదురా. తిట్టు నన్ను."

నాకు తిట్టు రాలేదు. వాణ్ణి కొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. కాఫీ తాగేసి గ్లాసు నేనే కడిగి గోడ వార బోర్లించి విమానానికి వెళ్లిపోయాను.

*

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా మిల్లు లైను ఇంట్లో నాయనకు అంతా చెప్పాను. నా భార్య పొన్ను అటువైపు తిరిగి రోటిలో కారం నూరుతోంది. నాయన వింటూ కూర్చున్నాడు. చివరికి, "మూడువందల గంటలంటే ఎన్ని షిఫ్టులు?" అని అడిగాడు.

"ఎనిమిది గంటల లెక్కన నలభై దాకా."

"అంతేనా! నేను మా అన్న బిళ్ల మీద తొమ్మిది నెలలు దిగినాను. వాడు లేచి వచ్చిన వారానికి మిల్లులో శాశ్వతం చేసేటప్పుడు వాడి పేరు వచ్చింది. నాకి ఇంకా నాలుగేళ్లు పట్టింది."

"అడగలేదా నాయనా?"

"అడగలేదు."

"ఏంటికి? సొంత అన్న అనా?"

నాయన కాసేపు దగ్గాడు. "అన్నా లేదు, గిన్నా లేదు. భయం రా. రోజూ గేటు దగ్గర అడగాలనే అనిపించేది. వాడు లోపలికి పొయ్యేటప్పుడు చూస్తే కడుపు మండేది. మంచోణ్ణని అందరూ అన్నారు. నేను మంచోణ్ణి గాదు, భయపడినోణ్ణి."

పొన్ను నూరడం ఆపింది. "మామ భయపడినారు సరే. మీరేంటికి ఊరుకోవాల? తేదీ లెక్కన వేస్తే మీరు పైన ఉంటారని మీరే గదా అప్పుడు చెప్పినారు? షణ్ముగం అణ్ణ మాట ఎత్తే పని లేదు, రోగం మాట ఎత్తే పని లేదు. షరత్తు మార్చండి అనండి."

"తేదీ లెక్కన వేస్తే పోయే ఆరుగురూ మావాళ్లే పొన్నూ. షణ్ముగమూ పోతాడు."

"వాళ్లు మన పొయ్యి మీద కుండ పెడతారా?" అంది. "ఈ లైనులో ఆడోళ్లందరూ ఏసణ్ణ మాదిరి కావాలని పిల్లోళ్లని బడికి తోలతా ఉండారు. మీరు రేపు మిల్లు గేటు దగ్గర నిలబడితే వాళ్లకి ఏం చెప్పేది నేను?"

నాయన ఆమెను వద్దనలేదు. నన్ను చెయ్యమనీ అనలేదు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

నేను కాగితం తీసుకుని సవరణ రాశాను. ఇంగ్లీషులో రెండు వాక్యాలు. తప్పులు లేకుండా వచ్చాయి.

*

సోమవారం పది గంటలకు హ్యాంగరులో కూర్చున్నాం. డ్యూటీలో ఉన్నవాళ్లు పోగా పంతొమ్మిది మంది. మదురైవాళ్లు ఒకవైపు, మేము ఒకవైపు. తిరువేంగడం అణ్ణ పెట్టె మీద కాగితాలు పెట్టుకుని మధ్యన నిలబడ్డాడు.

"అభ్యంతరాలు ఎవరికైనా ఉండాయా?" అన్నాడు, నావైపు చూడకుండా.

నేను లేచాను. నా కాగితం చదివాను. గంటలను బట్టి వేసిన పట్టీ రద్దు చేసి, చేరిన తేదీని బట్టి మళ్లీ వేయాలని.

మొదట లేచింది రాధాకృష్ణన్.

"డేయ్ ఏసూ, ఇది నువ్వు రాసిందేనా? ఆరు నెలలు మా చెవి కొరికినావు గదరా, గంటలే న్యాయం, గంటలే న్యాయం అని! నీ పేరు కింద పడేసరికి న్యాయం తేదీలోకి దూరిందా?"

"బి.ఏ. చదివినోడు రెండు పక్కలా వాదిస్తాడు" అన్నారెవరో వెనకనుంచి. నవ్వారు.

మదురైనుంచి వచ్చిన పెద్ద కెప్టెన్ ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "తంబీ, పట్టీ తెరిస్తే వైకింగు సంబళం, ఆ మూడు వందలు, కూడా తెరవాల. రెండూ ఒక బేరమే గదా. మావాళ్లు ఒప్పుకోరు."

మదురైవాళ్లలోనే గీత కింద పడ్డవాడు అయ్యసామి ఒక్క గంతులో లేచాడు. ఇరవై ఏడేళ్లు కూడా ఉండవు. "ఏంటికి ఒప్పుకోరు? మీకి మూడు వందలు ఎక్కువ రావాలని మమ్మల్ని నలుగురిని అమ్మినారు! యేసుదాస్ అణ్ణ చెప్పేది సరి. చేతులు ఎత్తండి!"

మావైపున సుందరం నన్నే చూస్తున్నాడు. అతను పద్దెనిమిదోవాడు, తేదీ లెక్కన పోయేవాడు. పట్టీ వచ్చిన రోజు ఇంటినుంచి లడ్డూలు తెచ్చి నాకు ఇవ్వలేక దాచుకున్నాడు. ఇప్పుడు అతని కళ్లలో కోపం కూడా లేదు. ఇతను ఎవరు అన్నట్టు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఓటు పెడతాను" అన్నాడు అణ్ణ. "సవరణ కావాలన్నవాళ్లు."

నా చెయ్యి ఎత్తాను. అయ్యసామీ, మదురైవాళ్లలో గీత కింద పడ్డ మిగతా ముగ్గురూ ఎత్తారు. ఐదు.

ఆరో చెయ్యి షణ్ముగానిది.

రాధాకృష్ణన్ వాడి చొక్కా పట్టుకుని లాగాడు. "నీకేం పైత్యమా? తేదీ లెక్కన నువ్వు పోతావురా! దించు!"

షణ్ముగం దించలేదు. గీతకు పైన ఉన్నవాళ్లలో ఎత్తిన చెయ్యి అదొక్కటే. "నాకి అదే సరి అనిపిస్తా ఉండాది" అన్నాడు. ఎందుకు అని నలుగురు అడిగారు. వాడు నావైపు చూశాడు. చెప్పనా అని అడుగుతున్నట్టు ఉంది ఆ చూపు. వాడు నోరు తెరిచాడు కూడా.

నేను తల అడ్డంగా ఊపాను. భయంతో ఊపానా, వాడి మీద దయతో ఊపానా, నాకు తెలియదు. తిరువేంగడం అణ్ణ నుదుటి మీద చెమట పెట్టె మీద ఉన్న కాగితాలపై పడింది.

"ఆరు" అన్నాడు అణ్ణ. "వద్దన్నవాళ్లు పదమూడు. సవరణ పోయింది."

ఒప్పందం మూడు ప్రతులు నా ముందు పెట్టాడు. కార్యదర్శి సంతకం లేకపోతే అది మద్రాసు పోదు. మధ్యాహ్నం విమానంలోనే పంపాలి.

"పెట్టొద్దు అణ్ణా" అన్నాడు అయ్యసామి. ఏడుస్తున్నాడు. "మీరు పెట్టకపోతే వాళ్లేం చేస్తారు? అణ్ణా, పెట్టొద్దు!"

పెన్ను పట్టుకుని ఉన్నాను. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అడుగుతారు. మద్రాసు నుంచి కమిటీ వస్తుంది, లాగ్‌బుక్కులు మళ్లీ తెప్పించి ఒక్కో పేజీ చూస్తారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఒకే జవాబు ఉంది.

మూడు ప్రతుల మీదా సంతకం పెట్టాను. మూడోదాని మీద నా పేరు పక్కన బి.ఏ. రాయడం మరిచిపోయాను. అణ్ణ చూశాడు గానీ రాయమనలేదు. అయ్యసామి నా పక్కనుంచే బయటికి పోయాడు, నన్ను తగలకుండా ఒదిగి.

*

పన్నెండున్నరకు మదురై విమానం. నెలాఖరు దాకా మా డ్యూటీలు మాకు ఉన్నాయి. ఆ రోజుల్లో మా కంపెనీలో కో-పైలట్లు చాలక ఇద్దరు కెప్టెన్లను ఒకే విమానం ఎక్కించేవాళ్లు. డ్యూటీ బోర్డు మీద ఎడమ సీటుకు నా పేరు, కుడి సీటుకు షణ్ముగం పేరు వారం ముందే రాసి ఉన్నాయి.

ఇరవై ఒక్క మంది ప్రయాణికులు ఎక్కారు. ముందు వరుసలో ఒక ముసలావిడ విమానం కదలక ముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తలుపు మూశారు. లోపల ఎండకు రేకు కాగిపోతోంది.

షణ్ముగం చెక్‌లిస్టు అట్ట ఒళ్లో పెట్టుకున్నాడు. చదవాల్సింది వాడు. జవాబు చెప్పాల్సింది నేను.

"చదువు" అన్నాను.

"ఏసూ, నేను పొయ్యి చెప్పేస్తారా. ఇప్పుడే దిగి పొయ్యి..."

"సంతకం అయిపోయింది. చదువు."

"రేప్పొద్దున నీ ఇంటికి ఎట్ల వచ్చేది నేను? పొన్నుకి ముఖం ఎట్ల..."

"రావద్దు" అన్నాను. వాడితో నేను అంత కఠినంగా ఎప్పుడూ మాట్లాడలేదు. "వెనక ఇరవై ఒక్క మంది కూర్చుని ఉండారు. చదువు షణ్ముగం."

వాడు అట్ట కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

"పార్కింగ్ బ్రేక్?"

"సెట్."

"కంట్రోల్ లాకులు?"

"తీసినాము."

"ఫ్యూయల్?"

"మెయిన్."

చివరి వరుస అయ్యేసరికి వాడి చొక్కా కాలరు తడిసిపోయింది. కిటికీ బయట నేల మీద మెకానిక్కు బొటనవేలు పైకెత్తి నా సైగ కోసం చూస్తున్నాడు.

నేను కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, కుడి ఇంజను తిప్పమని సైగ చేశాను.